శరీరములో అమర్చు సిలికోను పరికరముల పైపొరను గూర్చి భారత ఔషధ నియంత్రణ ప్రధానాధికారి గారికి బహిరంగ లేఖ

మహాశయా,

2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ మొదలుకొని వైద్యోపకరణములన్నియు చట్టదృష్టిలో ఔషధములే యని ప్రభుత్వము ప్రకటించిన నాటినుండియు, మాత్రలకును సూదిమందులకును పూచీ వహించు మీ కార్యాలయమే మానవశరీరములో అమర్చి పైన చర్మము కుట్టివేయు గొట్టములకును, కవాటములకును, తీగలకును, తొడుగులకును గూడ పూచీ వహించుచున్నది. మ్రింగిన మందు వికటించినచో మానివేయవచ్చును. లోపల అమర్చిన వస్తువు వికటించినచో మరల కత్తి పట్టక తప్పదు. అందుచేత ఈ రెండవ బాధ్యత మొదటిదానికంటె బరువైనదని నా నమ్మకము. వైద్యుడను గాకపోయినను, చిరకాలము రసాయనశాస్త్రమును బోధించినవాడనగుటచే, నాకు తెలిసిన మేరకు ఒక్క విషయమును మీ సమక్షమున విన్నవింపదలచి ఈ లేఖను బహిరంగముగా వ్రాయుచున్నాను. సిలికోనుతో చేసిన పరికరమును మీరు పరీక్షింపించునపుడు దాని ద్రవ్యమును ఆకారమును చూచినంత శ్రద్ధతో దాని పైపొరను గూడ చూడవలయును. ఆ పైపొరకు చేసిన సంస్కారమేదో, ఆ సంస్కారము మనుష్యులయందు మేలు చేసినదనుటకు సాక్ష్యమేదో, అమర్చు వైద్యునికిని అమర్పించుకొను రోగికిని దాపరికము లేక తెలియవలయును. ఇంతే నా మనవి.

సిలికోను మన కాలపు శస్త్రవైద్యమునకు లభించిన గొప్ప వరములలో నొకటి. సిలికాన్ పరమాణువును ఆక్సిజన్ పరమాణువును ఒకదాని తరువాత నొకటిగా గ్రుచ్చిన పొడవైన గొలుసులును, ప్రతి సిలికాన్ పరమాణువునకును అంటియుండు రెండేసి మిథైల్ సమూహములును, ఇదియే దాని నిర్మాణము. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లండులోని నాటింగ్‌హాం నగరమున ఫ్రెడరిక్ కిపింగ్ అను ఆచార్యుడు ఏండ్ల తరబడి ఈ సమ్మేళనములను పరిశోధించెను గాని, వానివలన లోకమునకు పెద్ద ప్రయోజనము కలుగునని ఆయనయే యాశింపలేదు. 1956లో ఫిలడెల్ఫియా నగరమందు జాన్ హోల్టర్ అను యంత్రపు పనివాడు, తలలో నీరు చేరు వ్యాధితో పుట్టిన తన కుమారుని దురవస్థ పురికొల్పగా, యూజీన్ స్పిట్జ్ అను నాడీశస్త్రవైద్యునితో కలసి ఆ నీటిని ఒకే దిశలో పోనిచ్చు కవాటమును నిర్మించెను. ఆవిరితో శుద్ధి చేసినను చెడక మెత్తగా నుండు పదార్థమునకై వెదకి వెదకి తుదకు సిలికోను రబ్బరును చేపట్టెను. ఒక తండ్రి యార్తినుండి పుట్టిన ఆ చిన్న కవాటముతో సిలికోను మానవదేహములో స్థిరనివాస మేర్పరచుకొన్నదని చెప్పవచ్చును. తరువాత గుండెకు విద్యుత్తు నందించు పేస్‌మేకరు తీగలకు తొడుగుగను, వినికిడి లేనివారికి అమర్చు కాక్లియర్ పరికరములకు కవచముగను, వ్రేళ్ల కీళ్లుగను, మూత్రనాళపు గొట్టములుగను అది విస్తరించెను. 1962లో హ్యూస్టన్ నగరమున థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అను వైద్యులు సిలికోను జెల్లు నింపిన స్తన ఇంప్లాంటును మొదటిసారి ఒక స్త్రీకి అమర్చిరి.

దేహము దీనిని కరగింపజాలదు, తుప్పు పట్టింపజాలదు. కాని దేహముతో దీనికి పొత్తును లేదు. పైకి బారులు తీరిన మిథైల్ సమూహముల వలన సిలికోను నీటిని దరిజేరనీయదు. దానిపై వేసిన నీటిచుక్క తామరాకు మీది చుక్కవలె గుండ్రమై నిలుచును, పరచుకొనదు. చూచుటకిది శుభ్రతా లక్షణముగా తోచును. లోపల జరుగునది వేఱు. రక్తములోని మాంసకృత్తులు నీటిని విడిచి ఇట్టి పొడి ఉపరితలమును వెదకికొని క్షణములలో దానికంటుకొనును. అట్లంటుకొన్నపుడు వాని సహజరూపమును చెడును. ఆ చెడిన పొరమీద సూక్ష్మజీవులకు కాలూనుటకు చోటు దొరకును. మన చర్మముపై నిరపాయముగ బ్రదుకు స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అను క్రిమి, శస్త్రచికిత్స వేళ ఏ కొద్దిగనో లోనికి జారి సిలికోనుపై పడినచో, జిగురు పొర నల్లుకొని దాని మాటున దాగికొనును. అట్లు దాగిన క్రిములకు రక్తమునందలి రక్షకకణములును చేరువ కాలేవు, మనము ఇచ్చు మందులును చాలవు. 1987లో ఆంథొనీ గ్రిస్టినా అను అమెరికా శస్త్రవైద్యుడు ఈ సంగతిని ఉపరితలము కొఱకు జరుగు పందెముగా వర్ణించెను: అమర్చిన వస్తువుపై మన కణములు ముందుగా చేరునా, క్రిములు ముందుగా చేరునా యన్నదానిపై ఆ వస్తువు భవిష్యత్తు ఆధారపడియుండును. అట్లైనచో ఆ పందెము జరుగు స్థలమును గూర్చి, అనగా మిల్లీమీటరులో వేయవవంతుకంటెను పలుచనైన ఆ పైపొరను గూర్చి, చట్టము ఎంత శ్రద్ధ వహింపవలయునో మీకు వేఱుగా చెప్పనక్కరలేదు.

తలలో నీరు చేరిన బిడ్డ విషయమే చూడుడు. పెద్దవారి మెదడులోని కుహరములలో దినమునకు సుమారు అరలీటరు ద్రవము ఊరి, రక్తములోనికి ఇంకిపోవుచుండును. ఆ దారి మూసికొన్న బిడ్డకు తల పెరుగును, చూపు మందగించును, బుద్ధి వెనుకబడును. చికిత్స లేనిచో ప్రాణమే పోవును. చెవి వెనుక కవాటము నమర్చి, చర్మము క్రిందుగా మెడమీదుగా ఱొమ్ముమీదుగా ఒక సిలికోను గొట్టమును కడుపులోనికి దింపినచో ద్రవము అచ్చటికి జారి ఇంకిపోవును. వైద్యులు దీనిని షంట్ అందురు. ఈ గొట్టమునకు క్రిమి సోకినచో, అది చాలవఱకు తొలి నెలలలోనే సోకును, గొట్టమంతయు ఊడదీయవలయును. తలలోని నీటిని కొన్నాళ్లు వెలుపలి సంచిలోనికి పారించుచు, సిరలద్వారా మందులను ఎక్కించి, ద్రవము శుభ్రమైనదని తేలిన పిమ్మట క్రొత్త గొట్టమును మరల అమర్చవలయును. పసిబిడ్డ మెదడునకు ప్రతి సోకును ఒక దెబ్బ. పల్లెనుండి వచ్చిన తలిదండ్రులకు అన్ని వారముల కూలి పోవును, అప్పు పెరుగును. అమర్చు దినమున ఆ గొట్టపు పైపొర ఎట్టిదై యుండెనన్నది వారి కుటుంబపు భవిష్యత్తునే నిర్ణయింపగలదు.

ఇక ఆ పైపొరను మార్చు ఉపాయములు. వానిలో మిక్కిలి ప్రచారము గలది ప్లాస్మా సంస్కారము. అల్పపీడనమున ఆక్సిజన్ వాయువును విద్యుత్తుతో ప్రజ్వలింపజేసి ఆ వెలుగులో సిలికోనును కొలది నిమిషములుంచినచో, పైనున్న మిథైల్ సమూహములు తొలగి వాని చోట హైడ్రాక్సిల్ సమూహములు నిలుచును. అంతకుముందు నీటిని తిరస్కరించిన పదార్థమే నీటిని ఆదరముతో పరచుకొననిచ్చును. ఇంత చక్కని మార్పు నిలుచునా యన్న నిలువదు. లోపలనున్న పొట్టి గొలుసులు మెల్లమెల్లగా పైకి ప్రాకుటచేతను, పైనున్న గొలుసులు తిరుగబడుటచేతను, గాలి తగులుచో నుంచిన సిలికోను కొలది దినములలోనే తన పూర్వస్వభావమునకు చాలవఱకు మరలివచ్చును. సంస్కారము మితి మీరినచో గాజువంటి పెళుసు పొర యేర్పడి పగుళ్లును తీయును. మహాశయా, మీ పరీక్షాధికారులు తప్పక అడుగవలసిన ప్రశ్న యొకటి ఇచ్చట నున్నది. తయారీదారుడు చూపు పరీక్షాఫలితము సంస్కారము జరిగిన నాటిదా, లేక ఆ వస్తువు గిడ్డంగిలోను అంగడిలోను ఆసుపత్రి బీరువాలోను నెలల తరబడి యుండి రోగి బల్ల చెంతకు చేరిన నాటిదా? మొదటి దినపు ఫలితమును చూపి తుది దినపు వస్తువును అమ్మనిచ్చుట రోగికి అన్యాయము. గడువు తేదీ యన్నది రబ్బరు చెడు తేదీ మాత్రమే కాక, పైపొర తన గుణమును కోల్పోవు తేదీ గూడ కావలయును. ప్లాస్మా చేసిన వెంటనే వేఱొక అణువును ఆ ఉపరితలమునకు గట్టిగా బంధించుటయు, హెపారిన్ పూయుటయు, పారిలీన్ అను పదార్థమును ఆవిరిరూపమున పరచుటయు వంటి మార్గములు కలవు. ఇవి ప్లాస్మాకంటె నిలకడగలవి. అయినను వీనియందును ఆ ప్రశ్నయే అడుగవలయును.

వేఱొక మార్గము ఔషధమును సిలికోనులోనే ఇంకించుట. కిపింగ్ వలెనే నాటింగ్‌హాం నగరమున పనిచేసిన రోజర్ బేస్టన్ అను సూక్ష్మజీవశాస్త్రవేత్త సిలికోను గొట్టమును తగిన ద్రావకములో ఉబ్బించి రిఫాంపిసిన్, క్లిండామైసిన్ అను రెండు మందులను దాని లోతులకు చొప్పించు విధానమును కనుగొనెను. ద్రావకము ఆవిరియైన పిదప మందులు రబ్బరులో నిలిచి, వారముల తరబడి కొంచెము కొంచెముగా పైకి వచ్చి, దరిజేరిన క్రిములను చంపుచుండును. ప్లాస్మా సంస్కారమును చెడగొట్టిన స్వభావమే, లోపలిది పైకి ప్రాకు ఆ స్వభావమే, ఇచ్చట మేలునకు వినియోగపడుట రసాయనశాస్త్రజ్ఞునకు అమితానందమును గలిగించు విషయము. రిఫాంపిసిన్ వలన ఆ గొట్టము నారింజరంగున నుండును. క్షయవ్యాధికి మనము వాడు మందే యది.

ఇది మేలని ఎట్లు తెలిసెను? ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఈ లేఖలో లేదు. బ్రిటన్, ఐర్లండు దేశముల నాడీశస్త్రవైద్యులు 2013 నుండి 2017 వఱకు పదునారు వందలకు పైబడిన రోగులను, ఎవరికి ఏది వచ్చునో ముందుగా తెలియని రీతిని, మూడు తెగలుగా విభజించి, ఒక తెగకు సాధారణ సిలికోను గొట్టమును, ఒక తెగకు ఈ మందులు ఇంకించిన గొట్టమును, ఒక తెగకు వెండి కణములు చేర్చిన గొట్టమును అమర్చిరి. 2019లో లాన్సెట్ పత్రికయందు ఫలితములు వెలువడెను. సాధారణ గొట్టములలో నూటికి ఆరింటికి సోకు కలిగెను. మందు ఇంకించినవానిలో నూటికి రెండింటికి మాత్రమే కలిగెను. వెండి చేర్చినవానిలో నూటికి ఆరు. సాధారణ గొట్టముకంటె ఏమియు మేలు లేదు. సత్యమును సగము చెప్పుట తగదు గనుక ఇదియు విన్నవింతును: ఏ కారణముచేతనైనను మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చినవారి సంఖ్య మూడు తెగలలోను ఇంచుమించు నాలుగవవంతే; మందు గొట్టమును మూసికొనకుండ కాపాడలేదు. కాని మూసికొన్న గొట్టమును మార్చుట ఒక కష్టము, మెదడులోనికి చేరిన చీమును ఎదుర్కొనుట వేఱొక కష్టము. ఈ రెండవదానినుండి మూడింట రెండువంతుల రక్షణ లభించుట స్వల్పలాభము గాదు.

వెండి మాటను మరికొంత చెప్పనిండు. వెండి క్రిములను చంపునన్నది పరీక్షానాళికలో నిజము. మన పెద్దలకును వెండి పాత్రలపై గౌరవము కలదు. వెండి చేర్చిన వస్తువును విక్రయించువానికి చెప్పుకొన నింపైన మాటయు కలదు. ఈ నిజములన్నియు కలసియు సోకును తగ్గింపలేదని, మనుష్యులపై న్యాయముగా జరిపిన పరీక్ష యొక్కటియే తెలిపెను. ఒకే సిలికోను, ఒకే ఆకారము, ఒకే శస్త్రచికిత్స. పైపొర మాత్రమే భిన్నము. ఫలితము మూడింతలు భిన్నము. ఇట్లుండగా, మూలవస్తువు పాతదే గనుక దాని కొత్త పైపొరకు ప్రత్యేకసాక్ష్య మక్కరలేదని యే నియంత్రణసంస్థయైనను భావించుట క్షమింపరాని యుపేక్ష.

ఆ యుపేక్షకు లోకము చెల్లించిన మూల్యము నింకొక యుదాహరణమున చూతము. నున్నని సిలికోను స్తన ఇంప్లాంటుల చుట్టును దేహము మచ్చపొరను అల్లి, అది కొందఱిలో బిగిసి, గట్టిపడి నొప్పి పెట్టుచుండుట చూచి, తయారీదారులు ఉపరితలమును గరుకు చేయ నారంభించిరి. అలెర్గాన్ సంస్థవారి బయోసెల్ అను రకమున, ఇంకను గట్టిపడని సిలికోను తొడుగుపై ఉప్పు స్ఫటికములను అద్ది, గట్టిపడిన పిదప ఆ ఉప్పును కడిగివేసి, లోతైన గుంటలు గల ఉపరితలమును సాధించిరి. కణజాలము ఆ గుంటలలో చొచ్చి పట్టుకొనును, ఇంప్లాంటు కదలదు, బిగియుటయు తగ్గునని వారి యుద్దేశము. సదుద్దేశమే. అయితే ఇంప్లాంటుగల రొమ్మునందు, దాని చుట్టునున్న పొరలో, అరుదైన యొక లింఫోమా, అనగా ఒక విధమైన క్యాన్సరు, కనబడుచున్నదని 1997లో మొదటి నివేదిక వెలువడెను; అమెరికా ఆహార ఔషధ సంస్థ 2011లో ప్రజలను హెచ్చరించెను; 2018 డిసెంబరులో ఆ రకము ఐరోపా విపణినుండి తొలగెను; 2019 జూలై 24న అమెరికా సంస్థ కోరగా అలెర్గాన్ దానిని ప్రపంచమంతటను ఉపసంహరించుకొన్నది. అప్పటికి ఆ అమెరికా సంస్థ లెక్కకు వచ్చిన రోగులు 573 మంది. మరణించినవారు 33 మంది. 573లో 481 మంది అలెర్గాన్ ఇంప్లాంటులు ధరించినవారే. లోపలి జెల్లు ఇతరుల జెల్లుకంటె గొప్పగా భిన్నమైనది గాదు. ఉప్పుతో చెక్కిన ఆ పైపొరయే వేఱు. తొలి నివేదికకును ఉపసంహరణకును నడుమ ఇరువది రెండు సంవత్సరములు గడచెను. ఏ స్త్రీకి ఏ ఉపరితలము అమర్చిరో తెలుపు లెక్కలు తొలినుండియు ప్రతిదేశమున నుండినచో ఈ యాలస్యము ఇంతగా నుండెడిది కాదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

మన దేశమున ఈ వివేకము లేదని నేననను. హృదయనాళములలో నుంచు స్టెంటులకు 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ గరిష్ఠధరలను విధించినపుడు, మందుపూత లేనిదానికి రూ. 7,260, మందుపూత గలదానికి రూ. 29,600 అని వేర్వేఱుగా నిర్ణయించెను. పైపూత మారినచో వస్తువే మారునని ప్రభుత్వమే స్వయముగా అంగీకరించినదన్నమాట. గుండెకు వర్తించిన న్యాయము పసిబిడ్డ మెదడునకు ఏల వర్తింపరాదు?

తయారుచేయు శక్తియు మనకు లేకపోలేదు. లక్నో నాడీశస్త్రవైద్యుడు డి. కె. ఛాబ్రా గారు రూపొందింపగా ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పురమున తయారగుచున్న షంట్‌ను, బెంజమిన్ వార్ఫ్ అను వైద్యుడు ఉగాండాలోని ఎంబాలే పట్టణమున 195 మంది పిల్లలలో, ఖరీదైన అమెరికా షంట్‌తో పోల్చి చూచెను. ఒకటి ముప్పదియైదు డాలర్లు, రెండవది ఆఱువందల యేబది డాలర్లు; సంవత్సరపు ఫలితములలో చెప్పదగిన భేదమేమియు కనబడలేదని 2005లో ప్రకటించెను. పేదదేశముల బిడ్డలకు ఆ భారతీయ గొట్టము చేసిన మేలు తలచుకొనినపుడు నాకు గర్వము కలుగును. ఇట్టి గొట్టమును చేయగలవారు దానిలో మందును సక్రమముగా ఇంకింపలేరా? తిరువనంతపురమున శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ దేహములో నమర్చు ద్రవ్యములపై దశాబ్దములుగా పరిశోధించుచున్నది. విశాఖపట్టణమున మెడ్‌టెక్ జోన్ వెలసి వైద్యోపకరణముల పరీక్షాశాలలను నెలకొల్పుకొన్నది. ఆ ప్రయోగశాలలకు పైపొర పరీక్షను తప్పనిసరి పనిగా అప్పగింపుడు. ధరలు మీ యధికారములో లేవని యెఱుగుదును. అయినను మందు ఇంకించిన గొట్టము అవసరవస్తువని మీరు వ్రాయు ఒక్క లేఖకు ధరల సంస్థయొద్దను, ఆరోగ్యశ్రీ వంటి పథకములు నడపు రాష్ట్రప్రభుత్వములయొద్దను విలువ యుండును.

ఇక రోగికి తెలుపుట మాట. ఒక ప్రభుత్వాసుపత్రిలో షంట్ అమర్చిన బిడ్డతో ఇంటికి మరలుచున్న తల్లి యొకతె తన చేతిలోని కాగితమును చదివిపెట్టుమని నన్నడిగినది. షంట్ వేసితిమని అందులో నున్నది. ఎవరు చేసిన షంటో, ఏ మాదిరిదో, ఏ పైపొరదో ఒక్క యక్షరమైనను లేదు. ఆమె చేతనే యున్న మందుల చీటీలో చౌకయైన జ్వరపుమాత్ర పేరును, తయారీదారుని పేరును, గడువు తేదీయు ముద్రితమై యున్నవి. రెండుదినములు వాడు మాత్రకున్న గుర్తింపు జీవితాంతము తలలో నుండు వస్తువునకు లేకపోయెను. మరల సోకు కలిగి ఆ బిడ్డను వేఱొక ఊరి వైద్యుని కడకు గొనిపోయినచో, లోపలనున్నది మందు ఇంకించిన గొట్టమో కాదో ఆయనకెట్లు తెలియును? రిఫాంపిసిన్ సరిపడని బిడ్డయైనచో ఆ సంగతి తెలియుట మరియు నవసరము.

2017 వైద్యోపకరణముల నిబంధనలలో, నిర్మాణద్రవ్యము గాని రూపకల్పన గాని మారినచో దానిని పెద్దమార్పుగా నెంచి ముందుగా అనుమతి పొందవలయునను నియమము కలదు. ఆ వరుసలో ఉపరితలసంస్కారమను మాటను సందేహమునకు తావులేకుండ పేరుపెట్టి చేర్పుడు. సంస్కారము మారిన ప్రతి ఇంప్లాంటునకును ఆ సంస్కారముతోనే మనుష్యులయందు జరిగిన పరీక్షల ఫలితములను కోరుడు. పరీక్షానాళికలోని ఫలితములతో తృప్తి చెందకుడు. 2015 నుండి ఘాజియాబాదులోని భారత ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యమున ఉపకరణముల దుష్ఫలితములను సేకరించు కార్యక్రమము నడచుచున్నది. దానికి పంపు ప్రతి నివేదికలోను ఉపరితలమేదో వ్రాయుటను విధిగా చేయుడు. శస్త్రచికిత్స ముగిసిన ప్రతి రోగికిని, తయారీదారుని పేరు, మాదిరి, పైపొర సంస్కారము, అమర్చిన తేదీ గల చీటీ యొకటి అతని మాతృభాషలో నీయవలయునని ఆసుపత్రులను ఆజ్ఞాపింపజేయుడు. వీనిలో దేనికిని క్రొత్త చట్టము అవసరము లేదని నా విశ్వాసము. మీ సంతకముతో వెలువడు ఉత్తరువులును, వానిని అమలుచేయింపవలయునను పట్టుదలయు చాలును. ఈ సంవత్సరము ముగియకమునుపే ఆ ఉత్తరువులను వెలువరింప ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
విశ్రాంత రసాయనశాస్త్రోపాధ్యాయుడు